జొన్నబెండ్లు, ఎర్ర వేళ్ళు

మొన్న ఆదివారం మా అమ్మాయి ఇంటికి వెళితే, తలుపు తీసిన దాని మొహం చూసి జ్వరం వచ్చిందేమో అనుకున్నాను. జ్వరం కాదు. మనవరాలిని బడిలో ఏదో బొమ్మ చేసి తెమ్మన్నారట. హాలంతా రంగుకాగితాల ముక్కలు, అట్టలు, ఆరీ ఆరని జిగురు. కుర్చీ కోళ్ళకు కూడా మెరుపుపొడి అంటుకుని ఉంది. మనవరాలు ఆ చెత్త నడుమ బాసింపట్టు వేసుకుని ఇంకా కత్తిరిస్తూనే ఉంది. మా అమ్మాయి చీపురు చేతిలో పట్టుకుని గోడకు జారగిలబడింది.

"ఊడ్చేకొద్దీ వస్తానే ఉండాదిమా. అవ్వ మిమ్మల్నందర్నీ ఎట్ల సాకిందో ఏమో," అంది.

నేను చీపురు అందుకుని ఊడ్వడం మొదలుపెట్టాను. అది అవ్వ అన్నది మా అమ్మను. ఆమె ఎట్లా సాకిందో చెప్పాలంటే ఒక ఎండాకాలం మొత్తం చెప్పాలి. దానికి అప్పుడు వినే ఓపిక లేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

మాది ధర్మవరం. మగ్గం చప్పుడు లేని వీధులు కూడా ఉంటాయని పెళ్ళయి బయటికి వచ్చేదాకా నాకు తెలియదు. మట్టి మిద్దె ఇల్లు. ముందుగదిలో సగం జాగా గుంతమగ్గానిదే. నాయన గుంతలో కాళ్ళు పెట్టుకుని కూర్చుంటే, నేస్తున్న చీర నేలకు జానెడు ఎత్తులో ఆయన ఒళ్ళోకి నడిచి వస్తున్నట్టుండేది. మగ్గం పోను మిగిలిన జాగా మాది. వెనక వంటగది, దాన్ని ఆనుకుని నాయనను కన్న మా అవ్వ మంచం, అవ్వ రాట్నం. మగ్గానికి సరిగ్గా పైన కప్పులో వెలుతురు కోసం వదిలిన చదరపు కంత ఒకటి ఉండేది. గవాచి అంటాం. మిట్టమధ్యాహ్నం అందులోంచి ఎండ కడ్డీలాగా దిగేది. ఆ ఎండలో ఎగిరే నూగు చూస్తూ పడుకోవడం నాకు ఇష్టం. పచ్చి పట్టు వాసన, కిరసనాయిలు వాసన, అవ్వ నమిలే వక్కాకు వాసన కలిసి అదే మా ఇంటి వాసన అయింది.

ఆ ఏడు వానల్లేవు. ముందేడూ లేవు. వీధికొళాయిలో నీళ్ళు ఎప్పుడొస్తాయో చెప్పగలిగినవాళ్ళు లేరు. అమ్మ తెల్లవారకముందే బోరింగు దగ్గర బిందెలు వరుసలో పెట్టి వచ్చి, పొయ్యి వెలిగించి, నాయనకు దారం కండెలు చుట్టి, మళ్ళీ బోరింగు దగ్గరికి పరిగెత్తేది. అమ్మ తీరిగ్గా కూర్చున్నట్టు నాకు ఒక్క జ్ఞాపకమూ లేదు. కూర్చున్నా చేతిలో రాట్నం పిడి ఉండేది.

బడికి సెలవులు ఇచ్చిన వారంలో మా మేనత్త బస్సు దిగి వచ్చింది. నాయనకు ఒక్కతే చెల్లెలు. కంబదూరు అవతల ఒక పల్లెకు ఇచ్చారు. వాళ్ళింట్లో మగ్గం ఎప్పుడో మూలపడింది. చెనిక్కాయ విత్తనం వేసి ఆకాశం కేసి చూడటమే వాళ్ళ సేద్యం. అత్తతో పాటు ఇద్దరు పిల్లలు వచ్చారు. పెద్దవాడికి నా ఈడే. చిన్నదానికి ఇంకా బడి ఈడు రాలేదు. పెద్దవాడి నెత్తి మీద వాడికంటే పెద్ద గోనెమూట ఉంది.

అత్త గడప లోపలికి కూడా రాకుండా అక్కడే నిలబడి మాట్లాడింది.

"వదినా, బెంగుళూరులో బిల్డింగు పని ఉండాదంట. మేమిద్దరం పోతాండాము. ఈ పిల్లోల్లను ఆడికి తీసకపోతే యాడ పండుకోబెట్టేది? వానలు పడేంతవరకు నీ దగ్గర ఉండనీ."

అమ్మ ఒక్క క్షణం కూడా ఆలోచించినట్టు కనబడలేదు. "ఉండనీలే. మా ఇద్దరు తినేదే వాళ్ళూ తింటారు. నువ్వు లోపలికి రా ముందు," అంది. అప్పుడు మూట చూసి, "అదేందిమే?" అని అడిగింది.

"బెండ్లు వదినా. వద్దంటే ఇనలే. ఇవి తీసకరాకుంటే బస్సెక్కనని రోడ్డు మీదనే కూచున్యాడు."

జొన్నదంటు పైబెరడు ఒలిస్తే లోపల తెల్లగా, మెత్తగా, గాలికి ఎగిరిపోయేంత తేలిగ్గా ఉండేదే బెండు. ఆ పల్లె పిల్లలకు ఆటవస్తువులంటే అవే. మా బావ ఆ బెండ్లను ముక్కలు చేసి, బెరడు చీల్చిన ఈనెలు గుచ్చి, ఎద్దులబండి చేసేవాడు. కళ్ళద్దాలు చేసేవాడు. మంచం, తొట్టి, మిద్దె ఇల్లు, ఏదంటే అది. మా వీధి పిల్లలకు పట్టు తుంపులు తప్ప ఏమీ తెలియదు. మా తమ్ముడు ఆ మొదటి సాయంత్రమే బెండు కళ్ళద్దాలు పెట్టుకుని వీధంతా తిరిగి వచ్చాడు. రాత్రి పడుకునేటప్పుడు కూడా తియ్యనన్నాడు.

మర్నాటి నుంచి మా అమ్మకు నరకం మొదలైంది.

బెండు కోస్తే పొట్టు రాలుతుంది. ఆ పొట్టు నేల మీద ఆగదు. నాయన మగ్గం మీద దెబ్బ వేసినప్పుడల్లా లేచి పోయి పడుగులో, అంటే ఆ నిలువు దారాల్లో చిక్కుకునేది. పట్టు సన్నదారం. పొట్టు అడ్డం పడితే తెగుతుంది. తెగిన పోగును వెతికి ముడివేసేసరికి నాయన కళ్ళు నీళ్ళు కారేవి.

"ఏమే, ఇట్లయితే నేనేం నేచ్చును? పడుగంతా పొట్టే. ఆ మూట తీసకపోయి పొయ్యిలో పెట్టు."

అమ్మ మూటను పొయ్యిలో పెట్టలేదు. మగ్గానికి దూరంగా, వంటగది గడప పక్కన, పాత గోనెపట్ట పరిచింది. దాని మీద ఒక్కొక్కరికి ఒక్కొక్క చేట పెట్టింది. రెండు మావి, రెండు పక్కింటి నుంచి అడిగి తెచ్చినవి. అందరినీ నిలబెట్టి చెప్పింది:

"కోసేది, అతికించేది, గీసేది, అంతా ఈ చేటలోనే. చేట నుంచి గోనెపట్ట మీద పడితే నేను ఊరుకుంటా. గోనెపట్ట దాటి ఒక్క ముక్క ఈ పక్కకు వచ్చిందంటే మాత్రం మూట బయట పారేస్తా. ఇనపడిందా?"

వినపడిందన్నాం. మూడు నాలుగు రోజులు విన్నాం కూడా.

పెద్దపిల్లను కాబట్టి కాపలా నాది. చేటలు దులపడం, జిగురు గిన్నె కడగడం, చిన్నదాని ముక్కు తుడవడం నా పని. జిగురు చింతపిక్కలతో ఉడకబెట్టేవాళ్ళం. పిక్కలు వేయించి, పొట్టు తీసి, దంచి, నీళ్ళలో ఉడికిస్తే గోధుమరంగు జిగురు వచ్చేది. వేయించిన పిక్కల్లో సగం మా నోట్లోకి పోయేవి కాబట్టి జిగురు ఎప్పుడూ చాలేది కాదు. చాలకపోతే మా తమ్ముడు పొద్దుటి సంగటి ముద్ద తెచ్చి దానితో అతికించేవాడు. ఆ బండ్లకు చీమలు పట్టేవి. ఒకసారి వాడు అవ్వ నిద్రపోతుంటే ఆమె ముడిలో జిగురు పెట్టి బెండుపువ్వు అతికించాడు. అవ్వ ఆ పువ్వుతోనే అంగడికి పోయి వక్కాకు కొనుక్కుని వచ్చింది. తెలిశాక కోప్పడలేదు.

"మీ నాయన చిన్నప్పుడు ఇంతకంటే అన్యాయం. నా రాట్నం చక్రం పీకి బండికి పెట్టినాడు. నేను పొద్దంతా వెతికితి," అని మగ్గంలో ఉన్న నాయనకు వినపడేలాగా చెప్పింది. నాయన తల ఎత్తలేదు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

అన్నిటికంటే కష్టం చేతులు కడిగించడం. తాగే నీళ్ళే కష్టంగా ఉన్న రోజుల్లో ఎనిమిది చేతులకు నీళ్ళెక్కడివి? అమ్మ సత్తు బేసిన్లో రెండు చెంబులు పోసి వరుస పెట్టింది. బెండు చేతులు ముందు, జిగురు చేతులు తర్వాత, మట్టి చేతులు చివర. అందరివీ అయ్యాక ఆ నీళ్ళు పారబోయకూడదు. పేడలో కలిపి వంటగది అలికేది. ఎవరి చేతులు ఎక్కువ మురికిగా ఉన్నాయన్న దాని మీద మేము రోజూ కొట్లాడుకునేవాళ్ళం. అమ్మ గోడకు ఆనుకుని కళ్ళు మూసుకుని ఆ కొట్లాట అయ్యేదాకా బేసిన్ పట్టుకుని నిలబడేది.

మట్టి చేతులు ఎందుకంటే, మట్టెద్దుల అమావాస్య దగ్గరికి వచ్చింది. ఆ రోజు పల్లెల్లో మట్టితో ఎద్దుల జత చేసి పూజ చేస్తారు. మా బావ ఎండిపోయిన చెరువులోంచి పెళ్ళలు మోసుకొచ్చాడు. నానబెట్టాలంటే నీళ్ళు కావాలి.

"తాగనీకి లేవు, నీ ఎద్దులకు యాడివిరా?" అంది అమ్మ.

వాడు బియ్యం కడిగిన నీళ్ళు, గంజి, పప్పుగిన్నె తొలిచిన నీళ్ళు, అన్నీ ఒక కుండలో దాచి దానితో మట్టి పిసికాడు. ఎద్దులు మహా అందంగా వచ్చాయి. రెండో రోజుకు పుల్లటి కంపు మొదలైంది. ఎక్కడి నుంచో తెలియక అమ్మ వంటగదంతా సర్ది చూసింది. ఎద్దులు ఆరడానికి చల్లటి చోటు కావాలని వాడు వాటిని ఆ రాత్రి మగ్గం గుంతలో దాచాడు. పొద్దున్నే నాయన గుంతలోకి కాలు దించాడు. పచ్చి ఎద్దు ఆయన పాదం కింద మెత్తగా నలిగింది. ఆయన అరిచిన అరుపుకు పక్కింటి మగ్గం ఆగింది.

ఆ రోజు అందరం నవ్వాం. అమ్మ కూడా, చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని. తర్వాత ఆ కంపు మట్టిని గుంతలోంచి గోకి తీసింది ఆమే.

చిన్నది మాత్రం తక్కువ నవ్వేది. పొద్దుగూకితే చాలు వాకిట్లో నిలబడి అమ్మ కావాలని ఏడ్చేది. ఎవరెత్తుకున్నా ఊరుకోదు. ఒక సాయంత్రం అవ్వ దాన్ని దగ్గరికి లాక్కుని మగ్గం మీద చీర చూపించింది. గంధం రంగు చీర అది. ఒళ్ళంతా సాదా, అంచుకు మాత్రం సన్నటి జరీ.

"ఆ చీర చూడు. మీ మామ నేచ్చాండేది మీ అమ్మకే. అది అయిపోయిందంటే కట్టుకోనీకి మీ అమ్మ బస్సెక్కి వచ్చాది."

చిన్నది అప్పటికప్పుడు ఏడుపు ఆపింది. అమ్మ వంటగదిలోంచి విన్నది. "పిల్లకు అట్ల చెప్పాకు అత్తా," అంది కానీ చేతిలో పని ఉంది. అంతటితో వదిలేసింది. ఆ రోజు నుంచి చిన్నది పొద్దున లేవగానే మగ్గం దగ్గరికి పోయి, చీర ఎంత పెరిగిందో చూసి వచ్చేది.

రంగుల పిచ్చి మాకు ఆఖరున పట్టింది. పసుపు అవ్వ డబ్బాలోంచి, నీలం బట్టల నీలిమందులోంచి, నలుపు పొయ్యిలోంచి దొరికేవి. ఎరుపు లేదు. మా వైపు పాపాసుకళ్ళి అనే నాగజెముడు కంచెల్లో ఆ ఏడు పండ్లు మాత్రం విరగకాశాయి. బావా, తమ్ముడూ పోయి పంచెగుడ్డలో మూట కట్టుకుని తెచ్చారు. నున్నటి బండ మీద దొర్లించి ముళ్ళు పోగొట్టి, చీల్చి, తిన్నన్ని తిని, మిగిలిన రసం కొబ్బరిచిప్పలోకి పిండారు. అంత ఎరుపు నేను ఇంకెక్కడా చూడలేదు. ఎరుపూ కాదు, గులాబీ కాదు, రెండూ మండుతున్నట్టు ఉండేది. మా నాలుకలు, పెదాలు, గోళ్ళు అదే రంగు. వంటగది వెనకగోడ మీద వేళ్ళతో పువ్వులు వేశాం. అమ్మ చూసి తల పట్టుకుంది. రాత్రి దీపం దగ్గర కూర్చుని మా చేతుల్లోంచి సన్నముళ్ళు పిన్నీసుతో తీస్తూ, "నేను ఏమి కడగల్ల, ఎన్ని కడగల్ల మీతో," అని ఒక్క మాట అంది. తిట్టు కూడా కాదు. ఆ గొంతు ఇంకా నా చెవుల్లో ఉంది.

కొన్నాళ్ళ తర్వాత, మగపిల్లలు మళ్ళీ పండ్లు తెచ్చి రసం పిండిన రోజు మధ్యాహ్నం. నాయన అన్నం తిని, నేసినంత చీర మీద గుడ్డ కప్పి, బీడీ కాల్చుకోవడానికి హోటలు వైపు పోయాడు. అమ్మ బోరింగు దగ్గర ఉంది. అవ్వ కునుకు తీస్తోంది. నేను వెనక చేటలు దులుపుతున్నాను. తిరిగి వచ్చిన నాయన కేక వినపడి లోపలికి పరిగెత్తాను.

కప్పిన గుడ్డ పక్కకు తీసి ఉంది. గంధం రంగు పట్టు మీద, గవాచి ఎండ పడుతున్న చోట, ఎర్రటి పువ్వులు. చిన్న వేళ్ళతో చుట్టూ రేకులు, నడుమ బొట్టు. చిన్నది కొబ్బరిచిప్ప ఒళ్ళో పెట్టుకుని మగ్గం పక్కన కూర్చుని ఉంది. భయపడలేదు. ఎదురుచూస్తున్నట్టు నాయన మొహంలోకి చూసింది.

"పూలు లేవు గదా మామా. అమ్మకి పూలు పెట్టినా."

నాయన చెయ్యి లేచింది. ఆయన మమ్మల్ని కొట్టే మనిషి కాదు. ఆ చెయ్యి ఎట్లా లేచిందో ఆయనకే తెలిసి ఉండదు. సరిగ్గా అప్పుడు అమ్మ నెత్తిన ఒక బిందె, చంకన ఒక బిందెతో గడప దాటింది.

"చెయ్యి దించు," అంది.

నాయన చెయ్యి దించి గుంత గట్టు మీద కూలబడ్డాడు. "పోయింది. సావుకారుకు ఏమని చెప్తును? పట్టు ఆయనది, జరీ ఆయనది. మనదేముండాది ఇందులో, రెక్కలు తప్ప?" అన్నాడు. అవ్వ లేచి కూర్చుంది. బావ మొహం తెల్లబోయింది. వాడు చెల్లెలి దగ్గరికి పోయి దానికి అడ్డంగా నిలబడ్డాడు. ఇక తమను పంపేస్తారనుకున్నాడని చాలా ఏళ్ళ తర్వాత నాతో చెప్పాడు.

అమ్మ బిందెలు దించింది. ముందు చిన్నదాని చేతిలోంచి చిప్ప తీసుకుని నాకిచ్చింది. కొంగు కొస తడిపి, చీర మీద రుద్దకుండా అద్దింది. కొంగు ఎర్రబడింది. మళ్ళీ తడిపింది, మళ్ళీ అద్దింది. ఆ తర్వాత లేచి వెనక్కు పోయి వంటగది గోడ చూసి వచ్చింది.

"ఈ రంగు నిలవదు," అంది నాయనతో.

"నీకేం తెలుసు?"

"గోడ మీద ఏసినప్పుడు ఎట్లుండె, ఇప్పుడు పోయి చూడు. ఎండ తగిలిన తావంతా పసుపుపచ్చగా ఎలిసిపోయింది. వీళ్ళ చేతులు, గుడ్డలు ఉతికేది నేను గదా. నీలిమందు పోదు, మసి పోదు, ఇది పోతాది. ఎండ చూపించల్ల."

"ఎండ తగిలితే పట్టు మెరుపు పోతాది."

"పోతే కొంచెం పోతాది. మరక ఉంటే అంతా పోతాది. ఏది కావల్ల చెప్పు."

నాయన లేచి, కప్పిన గుడ్డను పూర్తిగా పక్కకు తీశాడు.

మరక మీద ఎండ పడాలంటే నేసేకొద్దీ మగ్గం కొయ్యకు చుట్టే ఆ భాగాన్ని చుట్టకూడదు. అంటే మగ్గం ఆగిపోవాలి. మా ఇంట్లో చావుకు తప్ప మగ్గం ఆగడం నేను చూడలేదు. గవాచి ఎండ మధ్యాహ్నం కాసేపే ఉంటుంది. అందుకని అమ్మ గోడ మీది అద్దం తీసి మాకిచ్చింది. పొద్దున వాకిట్లో కూర్చుని ఎండను అద్దంలోకి పట్టి, తలుపు గుండా లోపలికి, ఆ పువ్వుల మీదికి వెయ్యాలి. నేనూ, తమ్ముడూ, బావా వంతులు వేసుకున్నాం. మొదట్లో ఆటలాగే ఉంది. తర్వాత చేతులు నొప్పి పుట్టాయి. వెలుతురు పక్కకు జారితే నాయన లోపలి నుంచి, "యాడికి పోతాందిరా ఎండ?" అని కసిరేవాడు. ఆయనకు మాత్రం ఏం పని ఉంది, చూస్తూ కూర్చోవడం తప్ప. ఉండబట్టలేక హోటలు దగ్గరికి పోయేవాడు, అక్కడా ఉండలేక తిరిగి వచ్చేవాడు.

మగ్గం ఆగితే ఇల్లు ఆగదు కదా. అమ్మ పక్కవీధిలో పెద్ద మగ్గాలవాళ్ళింట్లో కూలికి దారం చుట్టడానికి పోయింది. పొద్దున నీళ్ళు, వంట, తర్వాత అక్కడ రాట్నం, మధ్యలో వచ్చి చీరను తడి గుడ్డతో అద్దడం, మళ్ళీ రాట్నం. ఒకరోజు అన్నం కలుపుకుంటూ కలుపుకుంటూ కళ్ళు మూతలు పడి, ముద్ద చేతిలోంచి కంచంలోకి జారిపోయింది. తను తిన్నదో లేదో తెలియక నన్నే అడిగింది.

పువ్వులు రోజుకింత వెలిసిపోయాయి. ఎరుపు గులాబీ అయింది, గులాబీ ఇటుకరంగయింది.

ఈ రోజులన్నీ చిన్నది గోనెపట్ట మీద గోడకు తిరిగి కూర్చుంది. ఏడవలేదు. అమ్మ కావాలని కూడా అనలేదు. బెండు ముట్టుకోలేదు, మట్టి ముట్టుకోలేదు. దాన్ని చూసి మేమూ మానేశాం. ఇల్లు అద్దంలాగా ఉంది. ఎక్కడా ఒక్క పొట్టు లేదు. బేసిన్లో నీళ్ళు తేటగా మిగిలిపోయేవి. అమ్మకు హాయిగా ఉంటుందనుకున్నాను.

ఒక సాయంత్రం అమ్మ కూలి నుంచి వచ్చి, కాళ్ళు కూడా కడుక్కోకుండా, మూలన ఉన్న చేట తెచ్చి చిన్నదాని ముందు పెట్టింది. మూటలోంచి రెండు బెండ్లు తీసి అందులో వేసింది.

"ఏమన్నా చెయ్యిమ్మా. ఇట్ల కూచుంటే నాకు చూడబుద్ధి కాలే."

చిన్నది చేట వైపు చూసి మెల్లగా అంది. "చెత్త అయితాదత్తా."

"అయితే ఊడుస్తా. ఊడ్చేది నాకేమన్నా కొత్తా?"

అమ్మ అలానే దాని పక్కన గోనెపట్ట మీద కూర్చుంది. చిన్నది చాలాసేపు బెండ్లను చూసింది. తర్వాత ఒక బెండు తీసుకుని గోటితో బెరడు ఒలవడం మొదలుపెట్టింది. పొట్టు చేటలో కొంత, అమ్మ చీర మీద కొంత రాలింది. అమ్మ దులుపుకోలేదు.

చీర అయింది. మరక ఉన్న చోటు తెలిసినవాళ్ళకు తప్ప తెలియదు. గంధం రంగులో పసుపు ఛాయ ఒకటి, అంతే. కానీ సావుకారు కళ్ళు సావుకారువే. వెలుతురుకు పట్టి, అరచేత్తో తడిమి, సరిగ్గా అక్కడే ఆగి, "ఈడ మెరుపు చచ్చిందేమప్పా?" అన్నాడట. కూలిలో కోత పెట్టి తీసుకున్నాడు. నాయన ఇంటికి వచ్చి తువ్వాలు కొక్కేనికి తగిలిస్తూ, "తీసుకున్యాడు," అన్నాడు. "తీసుకున్యాడు గదా. చాలు," అంది అమ్మ. ఆ సంగతి అక్కడితో అయిపోయింది.

వానలు పడలేదు. వానలు పడకముందే అత్త వచ్చింది. నల్లబడి, చిక్కిపోయి, చేతులు గరుకెక్కి, ఆమె దగ్గర సిమెంటు వాసన వేసింది. అక్కడే గుడిసె వేసుకున్నారట. పని జరిగినన్నాళ్ళూ అక్కడే ఉంటారట. పిల్లలను తీసుకుపోవడానికి వచ్చింది. అత్త మొగుడు, మా మామ, చేను బీడు పెట్టేశాడట.

అమ్మ ఉగ్గాని చేసింది. నానబెట్టిన బొరుగులకు తిరగమోత పెట్టి, పైన పప్పులపొడి చల్లి. అందరం వాకిట్లో కూర్చుని తింటుంటే చిన్నది వాళ్ళమ్మ చీరను పట్టుకుని తేరిపార చూసింది. అది సున్నం మరకల పాత నూలుచీర.

"అమ్మా, మామ నేసిన చీర కట్టుకోలేదా?"

అత్తకు అర్థం కాలేదు. నాయన వైపు, అమ్మ వైపు చూసింది. అవ్వ తల దించుకుని వక్క కత్తిరిస్తోంది. చివరికి అమ్మే పళ్ళెం కింద పెట్టి చిన్నదాన్ని దగ్గరికి పిలిచింది.

"ఆ చీర మీ అమ్మది కాదు తల్లీ. వేరేవాళ్ళది. అప్పుడే నీకు చెప్పింటే బాగుండు. నాకే ఓపిక లేకపాయ."

చిన్నది ఏమనుకుందో తెలియదు. అమ్మ మొహంలోకి కాసేపు చూసి, పోయి వాళ్ళమ్మ ఒళ్ళో కూర్చుంది.

బావ మూట కట్టుకున్నాడు. అత్త వద్దంది. "ఆడ మనం కాళ్ళు చాపుకోనీకే జాగా లేదురా. ఇవన్నీ యాడ పెడ్తావు?" వచ్చేటప్పుడు రోడ్డు మీద కూర్చుని మొండికేసినవాడు ఈసారి మూటను వంటగది గడప పక్కన పెట్టి వెళ్ళిపోయాడు. బస్టాండు దాకా నాయన పోయాడు. వీధి మలుపు దాకా అత్త ఏడుస్తూనే పోయింది.

వాళ్ళు పోగానే అమ్మ కొంగు బిగించింది. చేటలు దులిపి, అడిగి తెచ్చినవి పక్కింట్లో ఇచ్చి వచ్చింది. గోనెపట్ట ఎత్తి బయట విదిలించింది. దాని కింద ఎన్నాళ్ళ పొట్టు, ఎండిన జిగురు, చింతపిక్కల పెచ్చులు, కుంటి మట్టెద్దు ఒకటి. అన్నీ ఊడ్చి ఎత్తిపోసింది. మంచి బెండ్లు తమ్ముడికి ఇచ్చి, మిగిలినవి పొయ్యి రాజెయ్యడానికి పెట్టుకుంది. నేల అలికింది. ఆ తర్వాత చాలాసేపు చప్పుడు వినపడలేదు.

ఏడుస్తోందేమో అనుకున్నాను. అత్త అంత ఏడ్చింది కదా, అమ్మ కూడా ఏడుస్తూ ఉంటుందనుకుని తొంగి చూశాను. అలికి ఆరిన నేల మీద, చెయ్యి తలకింద పెట్టుకుని, నోరు కొంచెం తెరుచుకుని, అమ్మ నిద్రపోతోంది. పట్టపగలు. పొయ్యి మీద ఏమీ లేదు. బిందెలు ఖాళీగా ఉన్నాయి. నాకు ఎందుకో కోపం వచ్చింది. ఇంతేనా, వాళ్ళు పోయినందుకు ఒక్క కన్నీటిబొట్టు లేదా అనిపించింది. నా కోపం నిజం. అప్పటికి అంతే తెలుసు. నాకు పిల్లలు పుట్టి, వాళ్ళకు అమ్మవారు పోసి, ఇద్దరికీ తగ్గిన రోజు మధ్యాహ్నం నేను వంటగది గడప మీదనే పడి నిద్రపోయినప్పుడు, ఆ నిద్ర ఏమిటో తెలిసింది.

నాయన బస్టాండు నుంచి వచ్చాడు. మగ్గానికి కొత్త పడుగు ఎక్కించి ఉంది. అప్పటికే చాలా రోజులు పోగొట్టుకున్నాడు. గుంతలో దిగి, అడ్డదారం నడిపే నాడె చేతిలోకి తీసుకున్నాడు. అప్పుడు వంటగది తలుపులోంచి అమ్మ కాళ్ళు కనబడ్డాయి. తల వంచి చూశాడు. నాడెను చప్పుడు కాకుండా కింద పెట్టి, గుంతలోంచి పైకి వచ్చాడు. అవ్వ మంచం మీద నుంచి "కాఫీ పెట్టలేదా?" అని అడగబోతే వేలు పెదాల మీద పెట్టి చూపించాడు.

వాకిట్లో మమ్మల్నిద్దర్నీ చెరో పక్కన కూర్చోబెట్టుకున్నాడు. వీధిలో అన్ని మగ్గాలూ ఆడుతున్నాయి. మాది ఒక్కటే ఆగి ఉంది. తమ్ముడు ఏదో అడగబోయాడు.

"ఉష్షు. మీయమ్మ పండుకోనుండాది," అన్నాడు నాయన.

పొద్దుగూకేదాకా అలానే కూర్చున్నాం.